బియ్యం డబ్బాలో రసీదు



మనం అక్షరాలు నేర్చుకున్నాం. కూడబలుక్కొని చదవడం వచ్చింది. సంతకం పెట్టడం వచ్చింది. అంకెలు కూడా వచ్చాయి. మరి ఈ చదువుతో ఏం చేద్దాం?

మన ఇంటికి వచ్చే కాగితాలను మనమే చదువుదాం. మన గల్లీ గోడకు అంటించే కాగితాలను మనమే చదువుదాం. ఈ పాఠం అందుకోసమే.

ముందుగా ఒక కథ. ఇది కల్పించిన కథ. కానీ మన పట్టణాల్లో ఏ గల్లీలోనైనా జరగవచ్చు.

1. ఇంటికి వచ్చిన కాగితం

ఒక గల్లీలో ఒక అక్క ఉంది. ఆమె బీడీలు చుడుతుంది. అందరూ ఆమెను బీడీలక్క అంటారు. భర్త లేడు. ఇద్దరు పిల్లలు. చిన్న పెంకుటిల్లు. ఇంటి నంబరు 127.

ఒకరోజు మధ్యాహ్నం బీడీలక్క అరుగు మీద కూర్చుంది. ఒళ్లో చాట ఉంది. చాటలో తునికాకు, తంబాకు ఉన్నాయి. అప్పుడే బల్దియా మనిషి వచ్చాడు. ఒక కాగితం చేతికిచ్చాడు. పక్కింటికి పోయాడు.

ఇదివరకైతే ఆ కాగితాన్ని మడిచి చూరులో పెట్టేది. సాయంత్రం పిల్లలు బడి నుంచి వస్తే చదివించుకునేది. ఒక్కోసారి మరిచిపోయేది. ఇప్పుడు అట్లా కాదు. చేతులు తుడుచుకుంది. కాగితం విప్పింది. వేలు పెట్టి ఒక్కొక్క మాట చదివింది.

"ఇం-టి ప-న్ను బి-ల్లు. పా-త బా-కీ..."

పాత బాకీ 1,200 రూపాయలు.
వడ్డీ 240 రూపాయలు.
ఈ ఏడు పన్ను 1,200 రూపాయలు.
మొత్తం 2,640 రూపాయలు.

అక్క గుండె ఝల్లుమంది.

"ఇదేంది? పోయిన ఏడు పన్ను కట్టిన గదా! పాత బాకీ ఎట్ల ఉంటది?"

నిజమే. పోయిన ఏడు ఆమె 1,200 రూపాయలు కట్టింది. నాలుగు నెలలు కూడబెట్టి కట్టింది. తాను పోతే ఒకరోజు బీడీలు పోతాయని పక్కింటి తమ్ముని చేతికి పైసలిచ్చింది. అతడు పోయి కట్టి వచ్చాడు. రసీదు తెచ్చి ఇచ్చాడు. ఆ రసీదును ఆమె బియ్యం డబ్బాలో దాచింది. ఏడాదిగా అది అక్కడే ఉంది.

అక్క లోపలికి పోయింది. బియ్యంలో చేయి పెట్టింది. రసీదు తీసింది. బియ్యపు పిండి దులిపింది. ఇన్నాళ్లూ ఆ రసీదును ఆమె చూసింది గానీ, చదవలేదు. మొదటిసారి ఇప్పుడు చదివింది.

పైసలు సరిగానే ఉన్నాయి. 1,200. తేదీ ఉంది. ముద్ర ఉంది. ఇంటి నంబరు దగ్గరికి వచ్చేసరికి ఆమె వేలు ఆగిపోయింది.

బిల్లు మీద 127 అని ఉంది. రసీదు మీద 172 అని ఉంది.

2. పాలవదినె బిల్లు

172 నంబరు ఇల్లు ఎవరిది? అదే గల్లీ చివర ఉండే పాలవదినెది. ఆమెకు రెండు బర్లున్నాయి. పొద్దున, సాయంత్రం పాలు పోస్తుంది. రెండిండ్లూ ఒకే కొలత. రెండింటి పన్నూ ఒక్కటే.

బీడీలక్క ఆ ఇంటికి పోయింది.

"వదినె, నీకు పన్ను కాయితం వచ్చిందా?"

"వచ్చింది. గోడకు చెక్కిన. నాకు చదువ రాదు గదా. పిలగాడు చూసి చెప్పిండు. పాత బాకీ సున్నా అట."

"పోయిన ఏడు నువ్వు పన్ను కట్టినవా?"

"కట్టలే. బర్రె చచ్చిపోయిందా ఏడు. పైసలెక్కడివి? కట్టకున్నా సున్నా వచ్చిందంటే, సర్కారు మాఫీ చేసిందనుకున్న. దేవునికి కొబ్బరికాయ గూడ కొట్టిన!"

బీడీలక్కకు నవ్వు వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది.

"సర్కారు మాఫీ చెయ్యలేదు వదినె. నీ పన్ను నేను కట్టిన!"

రసీదు, బిల్లు పక్క పక్కన పెట్టి చూపించింది. ఒకటి, రెండు, ఏడు. ఒకటి, ఏడు, రెండు. పాలవదినె నోరు తెరిచింది.

పక్కింటి తమ్ముణ్ణి పిలిచారు. అతడు తల గోక్కున్నాడు.

"అక్కా, నంబరు నోటితోని చెప్పిన. పాత రసీదు కొంటవోలేదు. నేనే తప్పు చెప్పిన్నో, వాళ్లు తప్పు రాసుకున్నరో, ఎరుకలేదు. రసీదు నేను గూడ చదువలే. పైసలు ముట్టినయి గదా అనుకున్న."

ఎవరూ దొంగ కాదు. ఎవరూ మోసం చేయలేదు. రెండంకెలు అటూ ఇటూ అయినాయి. అంతే. కానీ ఆ రెండంకెల వల్ల ఒక కష్టజీవి ఇంటి మీద 1,440 రూపాయల బాకీ పడింది. రసీదు చేతికి వచ్చిన రోజే చదివి ఉంటే ఆ రోజే తప్పు తెలిసేది.

3. దరఖాస్తు

ఆ రాత్రి చదువుల కేంద్రంలో బీడీలక్క ఈ సంగతి చెప్పింది. చదువు చెప్పే చెల్లె అడిగింది:

"అక్కా, ఇప్పుడేం చేద్దాం?"

"పోయి లొల్లి చేస్త!"

"లొల్లి చేస్తే ఆ మాట గాలిలో పోతది. కాయితం మీద రాస్తే నిలబడతది. దరఖాస్తు రాద్దాం."

అందరూ కలిసి చెప్పారు. బీడీలక్క తన చేత్తో రాసింది. మూడుసార్లు తప్పుపోయింది. నాలుగోసారి సరిగా వచ్చింది. ఇదీ ఆ దరఖాస్తు:

గౌరవనీయులైన కమిషనరు గారికి,

నమస్కారం. నా ఇంటి నంబరు 127. పోయిన సంవత్సరం నేను ఇంటి పన్ను 1,200 రూపాయలు కట్టాను. రసీదులో ఇంటి నంబరు 172 అని తప్పుగా పడింది. అందువల్ల నా ఇంటి మీద పాత బాకీ, వడ్డీ చూపిస్తున్నారు. దయచేసి విచారించి, నేను కట్టిన సొమ్మును నా ఇంటి లెక్కలో వేయండి. వడ్డీ తీసివేయండి. 172 నంబరు ఇంటి యజమాని ఒప్పుకొని వేలిముద్ర వేశారు. రసీదు నకలు, బిల్లు నకలు దీనికి జత చేశాను.

ఇట్లు,
(సంతకం)
తేదీ:

కింద బీడీలక్క సంతకం పెట్టింది. పాలవదినె వేలిముద్ర వేసింది. వేసి, తన నల్లబడ్డ వేలును చూసుకుంది.

"వదినె, వచ్చేసారి నేను గూడ సంతకమే పెడత. రాత్రి పాలు పోసి నేను గూడ వస్త కేంద్రానికి."

మర్నాడు ఇద్దరూ కలిసి ఆఫీసుకు పోయారు. దరఖాస్తు ఇచ్చారు. బీడీలక్క అక్కడి నుంచి కదలలేదు.

"ముట్టినట్టు రాసియ్యండి సారూ."

రెండో కాగితం మీద ముద్ర వేయించుకుంది. తేదీ వేయించుకుంది. ఈసారి అక్కడే నిలబడి, తేదీ, నంబరు చదివింది. అప్పుడు బయటికి వచ్చింది.

కొన్ని రోజులకు బల్దియా మనిషి వచ్చి రెండిండ్లూ చూసి పోయాడు. నెల తిరగకముందే లెక్క సరి అయింది. బీడీలక్క ఇంటి మీద పాత బాకీ పోయింది. వడ్డీ కూడా పోయింది. ఆ బాకీ పాలవదినె ఇంటి మీదికి వచ్చింది. పాలవదినె మొదట మొఖం చిన్నబుచ్చుకుంది. తర్వాత అన్నది:

"నాది నేను కట్టాలె గదా. ఒకరి కష్టం నాకెందుకు?"

మహిళా సంఘంలో అప్పు తీసుకొని కట్టింది. ఆ రసీదును తెచ్చి మొదట బీడీలక్కకు చూపింది.

"చదువు వదినె. నంబరు సరిగున్నదా?"

"నువ్వే చదువు" అన్నది బీడీలక్క.

పాలవదినె వేలు పెట్టింది. "ఒకటి... ఏడు... రెండు" అన్నది.

4. కాగితాన్ని ఐదు ప్రశ్నలు అడగండి

ఏ కాగితం వచ్చినా భయపడవద్దు. పక్కన పడేయవద్దు. మనిషిని అడిగినట్టు కాగితాన్ని కూడా అడగాలి. ఐదు ప్రశ్నలు చాలు.

ఒకటి: ఎవరు రాశారు? పైన ఆఫీసు పేరు ఉంటుంది. కింద సంతకం, ముద్ర ఉంటాయి.

రెండు: ఎవరికి రాశారు? మన పేరు, మన ఇంటి నంబరు సరిగా ఉన్నాయా? అంకెలు ఒక్కొక్కటి చూడండి.

మూడు: దేని గురించి? పన్నా? నల్లానా? ఓటా? మీటింగా? "విషయం" అనే మాట పక్కన చూస్తే తెలుస్తుంది.

నాలుగు: ఏ తేదీ లోపల? దీన్నే గడువు అంటారు. గడువు దాటితే కొన్ని పనులు కష్టమవుతాయి. కొన్నింటికి ఎక్కువ పైసలు అవుతాయి.

ఐదు: నేనేం చేయాలి? కట్టాలా? పోవాలా? రాసి ఇవ్వాలా? ఊరికే తెలుసుకుంటే చాలా?

ఈ ఐదు తెలిస్తే కాగితం మన చేతిలో ఉన్నట్టే. తెలియకపోతే మనమే కాగితం చేతిలో ఉన్నట్టు.

5. మన బల్దియా ఎవరిది?

మున్సిపాలిటీని మనం బల్దియా అంటాం. బల్దియా అంటే ఆఫీసు భవనం కాదు. అది పట్టణ ప్రజల సొంత పాలన. ఊరికి పంచాయతీ ఎట్లాగో, పట్టణానికి బల్దియా అట్లాగే.

నిజామాబాద్ పాత పేరు ఇందూరు. ఇది పెద్ద పట్టణం. అందుకే 2005లో నిజామాబాద్ మున్సిపాలిటీని నగరపాలక సంస్థగా మార్చారు. దాన్నే కార్పొరేషన్ అంటారు. కార్పొరేషన్‌లో పట్టణాన్ని డివిజన్లుగా విభజిస్తారు. 2020 జనవరిలో ఎన్నికలు జరిగినప్పుడు నిజామాబాద్‌లో 60 డివిజన్లున్నాయి. ఒక్కో డివిజన్ నుంచి ఒక కార్పొరేటరును ఎన్నుకుంటారు. కార్పొరేటర్లకు పెద్ద మేయరు.

బోధన్‌లో ఉన్నది మున్సిపాలిటీ. అక్కడ వార్డులుంటాయి. వార్డు నుంచి ఎన్నికైన వారు కౌన్సిలరు. వారికి పెద్ద చైర్మన్ లేక చైర్‌పర్సన్.

రెండు చోట్లా కమిషనరు ఉంటారు. కమిషనరును మనం ఎన్నుకోము. ఆయనను లేక ఆమెను ప్రభుత్వం నియమిస్తుంది. ఆఫీసు పని నడిపించేది కమిషనరే. కౌన్సిలు గడువు ఐదేండ్లు. గడువు అయిపోయి ఎన్నికలు జరగకపోతే, ప్రత్యేక అధికారి పాలన చూస్తారు. అప్పుడు కూడా దరఖాస్తు కమిషనరు పేరుకే రాయవచ్చు.

ఇందులో ఆడవాళ్ల చోటు ఎంత? 1993 జూన్ 1 నుంచి దేశమంతటా ఒక కొత్త ఏర్పాటు వచ్చింది. రాజ్యాంగంలో 74వ సవరణ అమలైంది. దాని ప్రకారం పట్టణ పాలనలో మూడింట ఒక వంతు సీట్లు తప్పకుండా ఆడవాళ్లకు ఇవ్వాలి. తెలంగాణలో సగం సీట్లు ఆడవాళ్లకే. నిజామాబాద్‌లో 2014లో ఆకుల సుజాత మేయరయ్యారు. 2020లో దండు నీతూకిరణ్ మేయరయ్యారు. ఇద్దరూ ఆడవాళ్లే.

సీటులో కూర్చున్న వారే పాలన చేయరు. 2019లో వచ్చిన తెలంగాణ మున్సిపల్ చట్టం ప్రకారం ప్రతి వార్డుకు నాలుగు కమిటీలు ఉండాలి. ఒకటి యువకులది. ఒకటి ఆడవాళ్లది. ఒకటి పెద్ద వయసు వారిది. ఒకటి గల్లీలో పేరున్న వారిది. ఒక్కో కమిటీలో 15 మంది. నాలుగు పదిహేనులు 60. అంటే మన వార్డులో 60 మందికి మాట్లాడే చోటు ఉంది. అందులో ఆడవాళ్ల కమిటీలో ఎవరున్నారో అడగండి. లేకుంటే మీరే చేరతామని చెప్పండి.

6. నల్లా నీళ్లు ఎక్కడివి?

పొద్దున నల్లా తిప్పుతాం. నీళ్లు వస్తాయి. ఒకరోజు రావు. "ఏమైంది?" అని ఒకరినొకరు అడుగుతాం. గోడ మీది కాగితం చదివితే ముందే తెలిసేది.

నీళ్ల కథ దూరం నుంచి మొదలవుతుంది. మంజీరా నది మీద నిజాంసాగర్ డ్యాం ఉంది. 1923లో కట్టడం మొదలుపెట్టారు. 1931లో పూర్తయింది. అప్పుడది నిజామాబాద్ జిల్లాలో ఉండేది. 2016లో జిల్లాలు విడిపోయాక కామారెడ్డి జిల్లాలోకి పోయింది. ఆ నీళ్లు కాలువల గుండా బోధన్ వైపు వచ్చాయి. నీళ్లు రావడంతో చెరుకు పెరిగింది. నిజామాబాద్, బోధన్ నడుమ అలీసాగర్ ఉంది. నిజామాబాద్ పట్టణం తాగే నీళ్లలో అలీసాగర్ నీళ్లు కూడా ఉన్నాయి.

అంటే మన బిందెలో నీళ్లు ఎంతో మంది చేతుల మీదుగా వస్తాయి. డ్యాం దగ్గర ఒకరు. కాలువ దగ్గర ఒకరు. నీళ్లు శుభ్రం చేసే చోట ఒకరు. పైపు దగ్గర ఒకరు. చివరికి మన గల్లీలో వాల్వు తిప్పే మనిషి. ఎక్కడ పైపు పగిలినా మన బిందె నిండదు. అందుకే "ఫలానా రోజు నీళ్లు రావు" అని రాసిన కాగితం చిన్నది కాదు. ముందు రోజే రెండు బిందెలు నింపి పెట్టుకోవచ్చు.

7. శక్కర్ నగర్ చెప్పే పాఠం

చెరుకు పెరిగింది కాబట్టి బోధన్‌లో చక్కెర ఫ్యాక్టరీ వచ్చింది. 1937లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పుట్టింది. అది ఉన్న చోటు పేరు శక్కర్ నగర్. ఉర్దూలో శక్కర్ అంటే చక్కెర. ఫ్యాక్టరీ కూత పెడితే బోధన్ లేచేది. చెరుకు బండ్లు వరుస కట్టేవి. చుట్టుపక్కల ఎన్నో ఊళ్లు ఆ చెరుకు మీద బతికాయి.

ఫ్యాక్టరీ కాలనీలో ఉండే వారికి చాలా పనులు ఫ్యాక్టరీయే చూసేది. మోరీ నిండినా, బుగ్గ మాడిపోయినా ఫ్యాక్టరీ మనిషికి చెబితే సరిపోయేది.

2002లో ఫ్యాక్టరీలో సగానికి పైగా వాటా ప్రైవేటు కంపెనీకి పోయింది. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. పని పోయింది. జీతం పోయింది. రైతులు చెరుకు తగ్గించి వరి వేశారు. మళ్లీ తెరిపించాలని కార్మికులు, రైతులు అడుగుతూ వచ్చారు. 2024 జనవరిలో ప్రభుత్వం ఈ పని మీద ఒక కమిటీ వేసింది.

ఇందులో మనకు ఒక పాఠం ఉంది. కంపెనీ ఇచ్చిన సౌకర్యం కంపెనీతోనే పోతుంది. బల్దియా అట్లా మూతపడదు. అది చట్టం ప్రకారం ఉంటుంది. అక్కడ అడిగే హక్కు మనకుంది. పన్ను కట్టేవారికీ ఉంది. కిరాయికి ఉండే వారికీ ఉంది. కానీ అడగాలంటే ఎక్కడ అడగాలో తెలియాలి.

8. ఏ పనికి ఎక్కడికి పోవాలి?

ఒక ఆఫీసు పనికి ఇంకో ఆఫీసుకు పోతే తిరుగుడే మిగులుతుంది. ఒక రోజు కూలి పోతుంది. అందుకే ఇది గుర్తు పెట్టుకోండి.

బల్దియా పనులు: నల్లా నీళ్లు. మోరీ శుభ్రం. చెత్త బండి. వీధి దీపం. గల్లీ రోడ్డు. ఇంటి పన్ను. ఇల్లు కట్టుకునే అనుమతి. పుట్టిన సర్టిఫికెట్. చనిపోయిన సర్టిఫికెట్.

బల్దియావి కాని పనులు: ఇంట్లో కరెంటు పోతే విద్యుత్ ఆఫీసు. రేషన్ బియ్యం రాకపోతే పౌర సరఫరాల శాఖ. భూమి పట్టా కోసం తహసీల్దారు ఆఫీసు.

వీధి దీపం బల్దియాది. ఇంటి దీపం కరెంటు ఆఫీసుది. ఈ తేడా చాలామందికి తెలియదు.

బల్దియాలో చెప్పినా పని కాకపోతే? సోమవారం కలెక్టరు ఆఫీసులో ప్రజావాణి జరుగుతుంది. అక్కడ దరఖాస్తు ఇవ్వవచ్చు. ఇంకొక దారి కూడా ఉంది. 2005లో సమాచార హక్కు చట్టం వచ్చింది. "మా గల్లీ మోరీకి ఎంత డబ్బు మంజూరైంది? ఎంత ఖర్చయింది?" అని రాసి అడగవచ్చు. మామూలుగా 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. పేదరికం దిగువన ఉన్న వారు రుసుము కట్టనక్కరలేదు.

9. గడువులు మరిచిపోవద్దు

బిడ్డ పుట్టిందా? 21 రోజుల లోపల పుట్టుక నమోదు కావాలి. ఈ గడువులో నమోదుకు పైసలు అక్కరలేదు. దవాఖానలో పుడితే దవాఖాన వారే రాసి పంపాలి. పంపారో లేదో మనం అడగాలి. ఇంట్లో పుడితే మనమే చెప్పాలి. బిడ్డకు పేరు పెట్టకపోయినా నమోదు చేయించవచ్చు. పేరు తర్వాత రాయించవచ్చు. 2023 అక్టోబరు 1 నుంచి పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ, ఇంకా ఎన్నో పనులకూ పుట్టిన తేదీ రుజువు ఈ సర్టిఫికెట్టే. తీసుకునేటప్పుడు తల్లి పేరు, తండ్రి పేరు, తేదీ అక్కడే చదవండి.

ఎవరైనా చనిపోయారా? దానికీ 21 రోజులే. దుఃఖంలో ఈ పని మరిచిపోతాం. తర్వాత పింఛను కోసం, బీమా కోసం, ఇంటి పేరు మార్పు కోసం తిరుగుతాం. దగ్గరి వారు ఎవరైనా ఈ పని మీద వేసుకోవాలి.

ఇంటి పన్నా? చాలా ఏండ్లుగా ఏప్రిల్ నెలలో ఆ ఏడు పన్ను మొత్తం కడితే 5 శాతం తగ్గిస్తున్నారు. ఆలస్యమైతే బాకీ మీద నెలకు 2 శాతం వడ్డీ పడుతుంది. 75 చదరపు గజాల లోపు స్థలంలో చిన్న ఇల్లు కట్టుకున్న వారికి 2019 చట్టం ఏడాదికి 100 రూపాయల పన్ను పెట్టింది. మీ ఇంటి కొలత ఎంత రాశారో బిల్లులో చూడండి.

ఎన్నికలా? ఎన్నికల ముందు ఓటర్ల జాబితాను అందరూ చూసేందుకు పెడతారు. మొదట పెట్టేది ముసాయిదా. అంటే తప్పులు దిద్దడానికి పెట్టిన జాబితా. అందులో మీ పేరు, మీ వార్డు చూడండి. లేకుంటే గడువు లోపల రాసి ఇవ్వండి. ఓటు వేసే రోజు పోయి "నా పేరేది?" అంటే ఎవరూ ఏమీ చేయలేరు.

10. పది మంది కలిస్తే

ఒక్కరు చదివితే ఒక ఇల్లు బాగుపడుతుంది. పది మంది చదివితే గల్లీ బాగుపడుతుంది.

నెల్లూరు జిల్లాలో దూబగుంట అనే ఊరుంది. అక్కడి ఆడవాళ్లు మన లాగే రాత్రి పూట చదువుకున్నారు. చదువుతూ తమ బతుకుల గురించి మాట్లాడుకున్నారు. సారా వల్ల ఇండ్లు కూలిపోతున్నాయని గుర్తించారు. 1991లో కలిసికట్టుగా లేచారు. వారిని చూసి రాష్ట్రమంతా ఆడవాళ్లు లేచారు. 1993లో ప్రభుత్వం సారాను నిషేధించింది.

మనకు అంత పెద్ద పనే కావాలని లేదు. మోరీ, నల్లా, వీధి దీపం, రసీదు. ఇవీ మన బతుకే.

బీడీలక్క గల్లీలో ఇప్పుడు ఒక నల్ల బోర్డు ఉంది. ఆడవాళ్లే గుడి గోడ మీద సున్నం తీసి నల్ల రంగు వేశారు. సుద్దతో గల్లీ వార్తలు రాస్తారు. మొన్న రాసింది ఇది:

"బుధవారం నీళ్లు రావు. మంగళవారమే పట్టి పెట్టుకోండి. తడి చెత్త, పొడి చెత్త వేరు చేసి ఇవ్వండి. మూడో స్తంభం దీపం వెలగడం లేదు. దరఖాస్తు ఇచ్చినం. నాలుగు రోజులైంది. శనివారం వరకు చూసి మల్ల పోదాం."

చివరి వరుస వంకరగా ఉంది. అది పాలవదినె రాసింది.

కొత్త మాటలు

రసీదు – పైసలు ముట్టినట్టు ఇచ్చే కాగితం
గడువు – పని చేయడానికి ఇచ్చిన చివరి తేదీ
బాకీ – ఇంకా కట్టవలసిన సొమ్ము
నకలు – అసలు కాగితం చూసి తీసిన మరో కాగితం
ముసాయిదా – తప్పులు దిద్దడానికి ముందుగా చూపించే కాగితం
యజమాని – ఇల్లు ఎవరి పేరు మీద ఉందో వారు

చదివి జవాబు చెప్పండి

1. బీడీలక్క కట్టిన పైసలు ఎవరి ఇంటి లెక్కలో పడ్డాయి? ఎందుకు?
2. రసీదు చేతికి రాగానే ఏమేమి చూడాలి?
3. దరఖాస్తు ఇచ్చినప్పుడు బీడీలక్క ఆఫీసులో ఏం అడిగింది? ఎందుకు?
4. వీధి దీపం వెలగకపోతే ఎక్కడ చెప్పాలి? ఇంట్లో కరెంటు పోతే ఎక్కడ చెప్పాలి?
5. బిడ్డ పుట్టిన ఎన్ని రోజుల్లో నమోదు చేయించాలి?

లెక్క చేయండి

ఒక ఇంటి పన్ను 1,200 రూపాయలు. ఏప్రిల్‌లో కడితే 5 శాతం తగ్గుతుంది. వందకు 5 రూపాయలు. 12 వందలకు ఎంత? 60 రూపాయలు. కట్టవలసింది 1,140.

ఇప్పుడు మీరు చేయండి: పన్ను 800 రూపాయలైతే ఎంత తగ్గుతుంది? ఎంత కట్టాలి?

బాకీ 1,200 రూపాయలు. నెలకు వందకు 2 రూపాయల వడ్డీ. నెలకు 24 రూపాయలు. ఐదు నెలలకు ఎంత?

ఈ వారం పని

ఇంట్లో ఉన్న రసీదులన్నీ తీయండి. చూరులోవి, డబ్బాలోవి, పెట్టెలోవి, చీర మడతలోవి. ఒక్కొక్క రసీదు మీద పేరు, ఇంటి నంబరు, తేదీ, సొమ్ము చదవండి. తప్పు కనిపిస్తే దరఖాస్తు రాయండి. అన్నింటినీ ఒక సంచిలో పెట్టండి. సంచి మీద మీ చేత్తో మీ పేరు రాయండి.